సంపాదకుడు మేయర్ బరిలో దిగితే: 1965 న్యూయార్క్ ఎన్నిక, విలియం బక్లీ

1965 నవంబర్ 2న జరిగిన న్యూయార్క్ మేయర్ ఎన్నికలో విలియం ఎఫ్. బక్లీ జూనియర్ మూడో స్థానంలో నిలిచాడు. రిపబ్లికన్, లిబరల్ పార్టీల ఉమ్మడి అభ్యర్థి జాన్ లిండ్సేకు 11,49,106 ఓట్లు, డెమొక్రాట్ ఏబ్రహాం బీమ్‌కు 10,46,699 ఓట్లు రాగా బక్లీకి 3,41,226 వచ్చాయి, అంటే 13.4 శాతం. చరిత్రకారులు ఈ పోటీని ఎక్కువగా రెండు రకాలుగా చూశారు. కొందరికి అదొక సంపన్న మేధావి సరదా. మరికొందరికి అది తర్వాత కాలంలో రీగన్ నాయకత్వంలో గెలిచిన సంప్రదాయవాదానికి తొలి విత్తు. మొదటి వాదన బక్లీ మాటల్ని మరీ నమ్ముతుంది, రెండోది తర్వాత జరిగినదాన్ని ముందుకు తెచ్చి అతికిస్తుంది. ఆ పోటీని పత్రికా సంపాదకుడి పనిగా చదివితేనే దాని తీరూ, పరిమితీ తెలుస్తాయని ఈ వ్యాసం వాదిస్తుంది.

బక్లీ సంప్రదాయవాద పత్రిక నేషనల్ రివ్యూను 1955 నవంబర్‌లో, ముప్పై ఏళ్లు నిండీ నిండకుండానే స్థాపించాడు. తండ్రి లక్ష డాలర్లు ఇచ్చాడు; మిగతాది విరాళాలుగా పోగైంది. ఓటు హక్కున్న వాటాలన్నీ బక్లీ తన దగ్గరే ఉంచుకున్నాడు. రచయితలు ఎంత పోట్లాడుకున్నా చివరి మాట అతనిదే. పత్రిక ఏనాడూ లాభాల ముఖం చూడలేదు. ఏటా పాఠకుల ముందు చేయి చాచి లోటు పూడ్చుకునేది. అయినా ఎవరు అసలైన సంప్రదాయవాది, ఎవరు కాదు అని తేల్చే అధికారం దానికి దక్కింది. తీవ్ర కమ్యూనిస్టు వ్యతిరేక సంస్థ జాన్ బర్చ్ సొసైటీ నాయకుణ్ణి 1962లో తప్పుపట్టిన ఈ పత్రిక, 1965 అక్టోబర్‌లో, అంటే సరిగ్గా మేయర్ ప్రచారం మధ్యలో, ఆ సంస్థనే వెలివేసింది.

ఇదే పత్రిక 1957 ఆగస్టులో, దక్షిణాదిన తెల్లవారు సంఖ్యలో తక్కువైన చోట కూడా వారి మాటే చెల్లాలని సంపాదకీయం రాసింది. బక్లీ వాక్చాతుర్యాన్ని మెచ్చుకునే వ్యాసాలు దీన్ని పాదసూచికలోకి నెట్టేస్తుంటాయి. అలా నెట్టడం సరికాదు. 1965 ఫిబ్రవరిలో కేంబ్రిడ్జి యూనియన్ చర్చలో నల్లజాతి రచయిత జేమ్స్ బాల్డ్విన్ ఎదుట 544కు 164 ఓట్లతో అతను ఓడింది కూడా జాతి ప్రశ్న మీదే. ఏప్రిల్‌లో న్యూయార్క్ కేథలిక్ పోలీసుల సభలో అలబామాలోని సెల్మాలో పౌరహక్కుల ఊరేగింపు సందర్భంగా జరిగిన ఘటనలపై చేసిన ప్రసంగం మీద పెద్ద దుమారం రేగింది. పత్రికలు తన మాటల్ని వక్రీకరించాయంటూ బక్లీ టేపు రికార్డింగును సాక్ష్యంగా చూపించాడు. ఆ గొడవలో పోలీసు కుటుంబాలకు అతను దగ్గరయ్యాడు. అప్పటికి అతను అభ్యర్థి కూడా కాదు.

అభ్యర్థిత్వం పుట్టింది కూడా పత్రికా కార్యాలయంలోనే. మేయర్ కావాలనుకునేవాడు చేపట్టవలసిన కార్యక్రమాన్ని పది అంశాలుగా బక్లీ తన కాలమ్‌లో రాశాడు. అది నేషనల్ రివ్యూలో పునర్ముద్రణకు వచ్చినప్పుడు, మేనేజింగ్ ఎడిటర్‌గా ఉన్న అతని అక్క ప్రిసిల్లా, బక్లీని మేయర్ చేయాలన్న అర్థం వచ్చేలా ముఖచిత్రం మీద ఒక పట్టీ వేసింది. ఆ హాస్యం కొద్ది వారాల్లో నిజమైంది. జూన్ 24న, 1962లో పుట్టిన కన్సర్వేటివ్ పార్టీ తరఫున బక్లీ పోటీ ప్రకటించాడు. స్థిరనివాసం కనెక్టికట్ రాష్ట్రంలోని స్టామ్‌ఫర్డ్‌లో. గెలిస్తే మొదట ఏం చేస్తారని అడిగితే ఓట్లు మళ్లీ లెక్కించమంటానన్నాడు.

అసలు గురి లిండ్సే. 1964లో రిపబ్లికన్ పార్టీ అధ్యక్ష అభ్యర్థి గోల్డ్‌వాటర్‌ను బలపరచని ఈ కాంగ్రెస్ సభ్యుడు న్యూయార్క్ మేయరైతే పార్టీ మొత్తం అతని దారి పడుతుందని బక్లీ భయం. ఇక్కడ న్యూయార్క్ ఎన్నికల చట్టం గురించి ఒక మాట చెప్పాలి. మన దగ్గర ఒక అభ్యర్థికి ఒకే పార్టీ బి-ఫారం చెల్లుతుంది. అక్కడ ఒకే వ్యక్తి రెండు మూడు పార్టీల పేరిట బ్యాలెట్ మీద ఉండవచ్చు. ఆ ఓట్లన్నీ కలిపి లెక్కిస్తారు. లిండ్సే మెజారిటీ లక్షకు కాస్త పైన. లిబరల్ పార్టీ వరుసలో అతనికి పడ్డవి సుమారు 2.8 లక్షలు. లిండ్సే రిపబ్లికన్ కాడన్న బక్లీ ఆరోపణకు ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు. కానీ అప్పటికి లిండ్సే గెలిచేశాడు.

ప్రచారం తీరులోనూ సంపాదకుడే కనిపిస్తాడు. వీధి వీధీ తిరిగి చేతులు కలపడం అతనికి పడలేదు. పత్రిక పని మానలేదు. నీళ్లు, నేరాలు, గృహవసతి, రవాణా, సంక్షేమం ఒక్కోదాని మీదా ఒక్కో విధానపత్రం విడుదల చేశాడు. అవి చదవడానికి పత్రికా వ్యాసాల్లాగే ఉంటాయి. సెకండ్ అవెన్యూ మీదుగా ఎత్తులో సైకిల్ దారి కట్టాలన్న ప్రతిపాదనకు ఆనాడు నగరం నవ్వింది. నేటి నగరాల అనుభవంతో చూస్తే అందులో నవ్వడానికేమీ లేదు. మాదకద్రవ్యాలకు బానిసలైనవారిని నిర్బంధంగా వేరుచేయాలనీ, దీర్ఘకాలంగా సంక్షేమ భృతి పొందుతున్నవారిని నగరం బయటికి తరలించాలనీ అన్న ప్రతిపాదనలు అలాంటివి కావు. ప్రత్యర్థులు వాటిని నిర్బంధ శిబిరాలతో పోల్చారు. కాగితం మీద తర్కంగా సాగే వాక్యం ఒక మనిషి బతుకు మీద ఎలా పడుతుందో ఆలోచించకపోవడం వ్యాసరచయితలకు అలవాటైన లోపం. అభ్యర్థిగా కూడా బక్లీ దాన్ని వదిలించుకోలేదు.

అదృష్టం మరో రూపంలో వచ్చింది. సెప్టెంబర్ మధ్య నుంచి మూడు వారాలకు పైగా సమ్మెతో నగరంలోని ప్రధాన దినపత్రికలు చాలావరకు ఆగిపోయాయి. ఎన్నిక టెలివిజన్ తెర మీదికి మారింది. అచ్చు మనిషిగా పేరుపడ్డ బక్లీకి అచ్చు లేకపోవడమే కలిసొచ్చింది. కనుబొమలెగరేసి, దీర్ఘసమాసాల్లాంటి వాక్యాలతో అతను చర్చల్లో మిగతా ఇద్దర్నీ చిన్నబుచ్చాడు. 1966 ఏప్రిల్‌లో మొదలై 1999 దాకా సాగిన అతని టెలివిజన్ చర్చా కార్యక్రమం ఫైరింగ్ లైన్‌కు దారి వేసింది ఈ తెర పరిచయమే.

ఓటు వేసిందెవరు? పత్రిక చదివేవారు కాదు. మాన్‌హాటన్‌లో అతనికి దక్కింది ఏడు శాతం మాత్రమే. స్టాటెన్ ఐలాండ్‌లో నలుగురిలో ఒకరు అతనికి వేశారు. క్వీన్స్‌లోనూ బలంగా నిలిచాడు. ఐరిష్, ఇటాలియన్, జర్మన్ మూలాల కేథలిక్ కుటుంబాలు, పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది, చిన్న ఇళ్ల యజమానులు అతని బలం. వీరిలో చాలామంది తరతరాలుగా డెమొక్రాట్లు. కాబట్టి బక్లీ లిండ్సేకన్నా బీమ్ ఓట్లనే ఎక్కువ చీల్చాడన్న విశ్లేషణ నమ్మదగినదే. అంటే ఎవరిని ఓడించాలని దిగాడో అతనికే ఎంతో కొంత మేలు చేశాడు. 1966లో అచ్చయిన ది అన్‌మేకింగ్ ఆఫ్ ఎ మేయర్‌లో బక్లీ తన ప్రచారాన్ని తానే సమీక్షించుకున్నాడు. అందులో పత్రికల మీద ఫిర్యాదు ఎక్కువ, ఈ ఓటర్ల జీవితం మీద శ్రద్ధ తక్కువ.

శ్రద్ధ పెట్టినవారు కన్సర్వేటివ్ పార్టీ నిర్వాహకులు. పోలీసులపై ఫిర్యాదుల విచారణకు లిండ్సే బలపరిచిన పౌర సమీక్షా మండలిని 1966 నవంబర్‌లో నగర ఓటర్లు ప్రజాభిప్రాయ సేకరణలో రద్దు చేశారు. అందులో కన్సర్వేటివ్ పార్టీ పాత్ర గణనీయం. 1969లో సొంత పార్టీ ప్రైమరీలోనే ఓడిన లిండ్సే లిబరల్ వరుస మీద మళ్లీ మేయరై, 1971లో డెమొక్రాట్ అయ్యాడు. 1965లో తమ్ముడి ప్రచారాన్ని నడిపిన జేమ్స్ బక్లీ 1970లో ముక్కోణపు పోటీలో 39 శాతం ఓట్లతో కన్సర్వేటివ్ పార్టీ తరఫున సెనేట్‌కు ఎన్నికయ్యాడు. ఆ ప్రచారంలో సైకిల్ దారులు లేవు, పదేపదే నిఘంటువు తిరగేయించే వాక్యాలూ లేవు.