గెడ వేసి చూడడం

చిన్నతనంలో ఫాల్గుణమాసం వస్తే కొల్లేటికోట పెద్దింట్లమ్మ తీర్థానికి దోనెలో వెళ్ళేవాళ్ళం. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిపోసే నీటిని ఉప్పుటేరు సముద్రానికి చేరవేస్తుంది గనుక, కొల్లేటి లోతు ఏ ఏటి కా ఏడు మారేది. "ఇక్కడ లోతెంత తాతా?" అని నేనడిగితే, దోనె నడిపే తాత జవాబు చెప్పకుండా గెడ దించి చూశాడు. ఆ పైన, "గెడ ఆగిన చోటల్లా నేలనుకోకు బాబూ, గుర్రపుడెక్క వేళ్ళయినా కావచ్చు" అన్నాడు. ఆ రెండో మాట బోధపడడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. అదీ సి భాష చరిత్ర చదువుతుండగా.

ఒకరు రాసిన ప్రోగ్రాము మరొకరి యంత్రంమీద కంపైల్ కావాలంటే, అక్కడి కంపైలరుకు భాషలోని కొత్త ప్రమాణం తెలుసో లేదో ముందుగా తేల్చుకోవాలి. అందుకు దారులు రెండు. ఒకటి, కంపైలరునే అడగడం. సి ప్రమాణానికి 1995లో చేసిన సవరణ ఇందుకోసమే ఒక మాక్రోను ఇచ్చింది. దాని విలువ 199409. సి99 వచ్చాక అది 199901 అయింది. కాని ఈ జవాబులను నమ్మడం కష్టం. సి++ మొదటి ప్రమాణం 199711 అని చెప్పమంటే, జీసీసీ 2012లో 4.7 వెలువడేదాకా ఉత్త 1 అనే చెప్పింది. మైక్రోసాఫ్టు కంపైలరు, ప్రత్యేకించి ఒక ఆప్షను ఇస్తే తప్ప, నేటికీ ఆ 199711 దగ్గరే నిలిచి ఉంది.

రెండో దారి గెడ వేయడం. 1984లో లారీ వాల్ తన ఆర్ఎన్ ప్రోగ్రాముతోపాటు కాన్ఫిగర్ అనే స్క్రిప్టును పంచాడు. 1991లో గ్నూ ఉపకరణాల బాధ్యత చూస్తున్న డేవిడ్ మెకెంజీ ఆటోకాన్ఫ్‌కు శ్రీకారం చుట్టాడు. పద్ధతి సులువు: కొత్త సౌకర్యాన్ని వాడే నాలుగు పంక్తుల ప్రోగ్రాము రాసి కంపైల్ చేయడం, అయితే ఉన్నట్టు, కాకుంటే లేనట్టు.

చిక్కంతా ఆ "లేనట్టు" దగ్గరే ఉంది. హెడరు చేర్చకుండా ఫంక్షనును పిలిచే పాత అలవాటును సి99 ఎప్పుడో తొలగించింది. కంపైలర్లు మాత్రం హెచ్చరించి ఊరుకునేవి. 2024లో జీసీసీ 14 దానిని తప్పుగానే లెక్కగట్టింది. అలా రాసిన పాత పరీక్షలు విఫలమై, ఉన్న సౌకర్యాలు కూడా లేనట్టు నమోదయ్యే ప్రమాదం వచ్చిపడింది. పైకి లోపమేదీ కనిపించదు. ప్రోగ్రాము తయారవుతుంది, ఒక అంగం తక్కువగా.

అదే ఏడు మార్చిలో ఎక్స్‌జెడ్ ప్రోగ్రాములో దొంగతలుపు బయటపడింది. అప్పుడు దాని సీమేక్ ఫైలును వెదికితే, ల్యాండ్‌లాక్ అనే రక్షణ ఉందో లేదో చూసే పరీక్షలో ఒకే ఒక్క చుక్క అదనంగా కనిపించింది. ఆ చుక్కవల్ల పరీక్ష ఏ యంత్రంమీదా నెగ్గదు. రక్షణ ఎన్నడూ చేరదు. గెడ దించిన చోటల్లా అడ్డు తగిలేలా ఎవరో వేళ్ళు నాటిపోయారన్నమాట.

అడగడంకన్నా గెడ వేయడమే మేలని నేనిప్పటికీ నమ్ముతాను. అయితే "లేదు" అని వచ్చినప్పుడు, ఎందుకు లేదో ఒకసారి ఆ లాగ్ ఫైలు తెరిచి చదవండి. తాత చేసిన పని అదే: గెడ పైకి తీసి, కొనకు అంటుకున్నది బురదో వేరో చూసి, ఆ తరువాతే దోనె మళ్ళించేవాడు.