గొంతు దిగని ముద్ద

మా చరిత్ర రాసినవాళ్లు భూమి గురించి రాశారు, అడవి గురించి రాశారు, ఫితూరీల గురించి రాశారు. గొంతు గురించి ఎవరూ రాయలేదు. కానీ 1879 రంప ఫితూరీకి ఉన్న ముఖ్య కారణాల్లో ఒకటి గొంతు దిగే వస్తువే. చెట్టు మాది, గీసే చెయ్యి మాది, తాగే నోరు మాది. పన్ను మాత్రం మన్సబుదారుది. దాని పేరు చిగురు పన్ను. ఇంటి అవసరానికి కల్లు గీసుకోవడం కూడా నేరమయ్యేసరికి కొండలు లేచాయి. తర్వాత 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. పోడు మీద ఆంక్షలు బిగిశాయి. పోడు అంటే మా పళ్లెంలోని జొన్న, సామ, కొర్ర, చోడి. మేము ఏం తినాలో, ఎంత తినాలో బయటివాళ్ల చట్టాలు నిర్ణయించడం అలా మొదలైంది.

మేము ఇక్కడ చెప్పదలిచింది ఆ గొంతుకు వచ్చే ఒక జబ్బు చరిత్ర. మా గూడేల్లో దానికి ఒక్కటే పేరు, గ్యాస్. గుండెల్లో మండితే గ్యాస్. పులితేన్పులు వస్తే గ్యాస్. కడుపు ఉబ్బితే గ్యాస్. వీపు పట్టేస్తే గ్యాస్. ముద్ద గొంతు దిగకపోయినా గ్యాసే. ఈ చివరి మాట దగ్గరే మా పేచీ. మంట వేరు, అడ్డం వేరు. రెంటినీ ఒకే పేరుతో పిలవడం వల్ల మా మనుషులు ఆసుపత్రికి చేరాల్సిన రోజుకి చేరడం లేదు.

నోటి వెనక నుంచి పొట్ట దాకా పోయే గొట్టాన్ని అన్నవాహిక అంటారు. పెద్దవాళ్లలో అది సుమారు 25 సెంటీమీటర్ల పొడవు. పొట్టలో కలిసేచోట ఒక కండరం ఉంగరంలా బిగిసి ఉంటుంది. అది చెరువు తూము తలుపు లాంటిది. ముద్ద వచ్చినప్పుడు తెరుచుకుంటుంది, పోగానే మూసుకుంటుంది. పొట్టలో ఊరే ఆమ్లం ఘాటైనది. దాన్ని తట్టుకునే పూత పొట్ట గోడలకు ఉంది. అన్నవాహికకు అంత పూత లేదు. తూము వదులైతే ఆమ్లం పైకి తన్నుతుంది. కడుపునిండా తిని వెంటనే పడుకున్నా, తిన్న వెంటనే నడుం వంచి నాట్లు వేసినా, తునికాకు కోసినా మంట ఎక్కువయ్యేది ఇందుకే.

ఏళ్ల తరబడి అలా మండితే లోపల పుండ్లు పడతాయి. పుండు మానినచోట మచ్చ కడుతుంది. మచ్చ బిగిసి దారి ఇరుకవుతుంది. అప్పుడు మొదట రొట్టె ఆగుతుంది, మాంసం ముక్క ఆగుతుంది. తర్వాత అన్నం ఆగుతుంది. చివరికి జావ కూడా దిగదు. లోపల క్యాన్సర్ గడ్డ పెరిగినా సాధారణంగా ఇదే వరస. బయటి నుంచి చూస్తే రెండూ ఒకటే. లోపలికి చూడనిదే ఏది ఏదో తేలదు.

లోపలికి చూడటం నేర్చుకోవడానికి వైద్యులకూ వందల ఏళ్లు పట్టింది. మన దేశపు పాత వైద్యంలో పుల్లటి మంటకు ఆమ్లపిత్తం అనే పేరు ఉంది. ఇంగ్లండులో థామస్ విల్లిస్ అనే వైద్యుడు 1674లో ముద్ద దిగని ఒక రోగి గురించి రాశాడు. తిమింగలం నోటి నుంచి తీసిన వంగే బద్ద కొసకు స్పాంజి కట్టి, తిన్నప్రతిసారీ దానితో అన్నాన్ని లోపలికి తోసుకోమని ఆ రోగికి నేర్పాడు. ఆ మనిషి అలాగే ఏళ్లపాటు బతికాడు. అతనికి తూము తెరుచుకోకపోవడమే జబ్బు. 1868లో జర్మనీలో కుస్మాల్ అనే వైద్యుడు కత్తులు మింగే గారడీవాణ్ణి కూర్చోబెట్టి, నిటారుగా ఉన్న లోహపు గొట్టాన్ని అతని గొంతులోంచి పొట్టలోకి దించాడు. కత్తి పోయే దారిలో చూపు పోదా అన్నది ఆయన ఆలోచన. 1935లో న్యూయార్కులో వింకెల్‌స్టీన్ అనే వైద్యుడు అన్నవాహికలో పుండ్లకు కింది నుంచి తన్నుకొచ్చే ఆమ్లం కారణం కావచ్చని రాశాడు. 1950లో లండన్ సర్జన్ బారెట్ ఆ జబ్బును రిఫ్లక్స్ పేరుతో పిలిచాడు. 1957లో హిర్షోవిట్జ్, ఆయన తోటివాళ్లు సన్నని గాజు పోగులతో చేసిన, ఎటుపడితే అటు వంగే ఎండోస్కోపు గొట్టాన్ని చూపించారు.

మందులు ఆ తర్వాత వచ్చాయి. ఆమ్లం ఊరడాన్ని తగ్గించే సిమెటిడిన్ 1976లో, రానిటిడిన్ 1981లో, ఇంకా బలమైన ఓమెప్రజోల్ 1988లో బజారులోకి వచ్చాయి. సిమెటిడిన్ వెనక ఉన్న జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఈ తేదీలు ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. లోకంలో చూపు ముందు వచ్చింది, మాత్ర తర్వాత వచ్చింది. మా దగ్గర వరస తిరగబడింది. మాత్ర ముందు వచ్చింది, చూపు ఇంకా ఘాట్ రోడ్డు ఎక్కలేదు. గ్యాస్ మాత్ర సంతలో దొరుకుతుంది, కిరాణా కొట్లో దొరుకుతుంది, ఆర్ఎంపీ సంచిలో దొరుకుతుంది. ఎండోస్కోపీ కావాలంటే విశాఖపట్నమో వరంగల్లో హైదరాబాదో లాంటి పట్నం పోవాలి. దానికి రెండు రోజుల కూలి పోతుంది, తోడు మనిషి కూలి పోతుంది, బస్సు చార్జీలు పోతాయి. మాత్ర అయితే కొద్ది రూపాయలు. మాత్రతో మంట తగ్గుతుంది కూడా. తగ్గడమే ఇక్కడ చిక్కు. మంట తగ్గితే జబ్బు పోయిందనుకుంటాం. మచ్చ మాత్రం లోపల బిగుస్తూనే ఉండవచ్చు.

రానిటిడిన్ కథ కూడా గుర్తుంచుకోవాలి. దానిలో క్యాన్సర్ కారకం కాగల ఎన్‌డీఎంఏ అనే మలినం ఉన్నట్టు 2019లో బయటపడింది. 2020 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వ సంస్థ దాన్ని బజారు నుంచి తీసేయమంది. 2022లో మన దేశం తన అత్యవసర మందుల జాబితా నుంచి దాన్ని తొలగించింది. ఇలాంటి కబురు పట్నంలో పేపరు చదివేవాళ్లకు చేరినంత త్వరగా కొండ మీది ఇంటికి చేరదు.

ఇక తిండి సంగతి. పాతకాలమంతా బంగారమని మేము చెప్పబోవడం లేదు. వానాకాలంలో గింజలు అయిపోయాక జీలుగు చెట్టు బోదె పిండి, మామిడి టెంక పిండి, అడవి దుంపలు తిని కాలం గడిపినవాళ్ల బిడ్డలం మేము. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చినప్పుడు ఆ ఆకలి కొంత తీరింది. దాన్ని తిట్టుకునే హక్కు కడుపునిండినవాళ్లకే ఉంటుంది. అయితే డిపో బియ్యంతోపాటు మా రోజు తీరు కూడా మారింది. పొద్దున అంబలి బదులు ఖాళీ కడుపున టీ. పగలంతా కూలి పని. రాత్రి పొద్దుపోయాక ఒకేసారి పెద్ద కుంభం తిని, వెంటనే చాప మీద వాలడం. మధ్యలో ఆకలి చంపుకోవడానికి గుట్కా, ఖైనీ, చుట్ట. పొగాకులోని నికోటిన్ ఆ తూము కండరాన్ని వదులు చేస్తుంది. సారా కూడా అంతే. పొగాకు, సారా రెండూ కలిస్తే అన్నవాహిక క్యాన్సర్ ముప్పు బాగా పెరుగుతుంది. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఆడవాళ్లు నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగే అడ్డచుట్ట అంగిలి క్యాన్సర్‌కు దారితీస్తుందని వైద్యులు చాలాకాలం కిందే తేల్చారు.

ఒళ్లునొప్పుల మాత్రలది ఇంకో దారి. మోకాళ్లు నొప్పిపెడితే డైక్లోఫెనాక్ లాంటి మాత్ర పరగడుపునే వేసుకుంటారు. అది పొట్ట పూతను కొరుకుతుంది. ఆ మంటకు గ్యాస్ మాత్ర, ఆ నీరసానికి సూది. ఇలా ఒక మాత్ర ఇంకో మాత్రను పిలుస్తుంది. నీళ్లు లేకుండా మింగే మాత్రలు కూడా గొంతును కాలుస్తాయి. డాక్సీసైక్లిన్ గానీ, గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్ర గానీ అన్నవాహికలో అంటుకుపోతే అక్కడే పుండు చేయగలవు. గ్లాసెడు నీళ్లతో, కూర్చునో నిలబడో మింగాలి, మింగిన వెంటనే పడుకోకూడదు. మాత్ర చేతిలో పెట్టేటప్పుడే ఈ ఒక్క మాటా చెప్పాలి.

ఐరన్ మాట వచ్చింది కాబట్టి మా ఆడవాళ్ల గురించి చెప్పాలి. 1919లో బ్రిటన్‌లో పాటర్సన్, కెల్లీ అనే ఇద్దరు గొంతు వైద్యులు విడివిడిగా ఒకే సంగతి రాశారు. రక్తం తక్కువగా ఉన్న నడివయసు ఆడవాళ్లకు ముద్ద దిగడం లేదు. గొంతు కింది భాగంలో సన్నని పొర అడ్డంగా పెరుగుతోంది. ఆ పొర ఉన్నవాళ్లకు తర్వాత గొంతు క్యాన్సర్ వచ్చే ముప్పు కూడా ఎక్కువ. అమెరికాలో ప్లమ్మర్, విన్సన్ అనేవాళ్లు కూడా ఇదే చూశారు. ఉత్తర స్వీడన్‌లో పేద ఇళ్ల ఆడవాళ్లలో ఈ జబ్బు బాగా ఉండేది. తిండి మెరుగై, పిండిలో ఇనుము కలిపి అమ్మడం మొదలయ్యాక అది అక్కడ అరుదైపోయింది. గ్యాస్ మాత్ర తీర్చని జబ్బును అన్నం తీర్చింది.

మన దేశంలోనూ ఇనుము కలిపిన బియ్యాన్ని ప్రభుత్వ పథకాలన్నిటిలో ఇస్తామని 2021 ఆగస్టు 15న ప్రకటించారు. అయితే సికిల్ సెల్, తలసేమియా ఉన్నవాళ్ల సంగతేమిటన్న ప్రశ్న అప్పుడే లేచింది. సికిల్ సెల్ మా జాతుల్లో ఎక్కువ. స్వీడన్ చేసింది గుడ్డిగా తెచ్చుకుంటే సరిపోదు, ముందు రక్తం చూడాలి. గొంతులో ఏదో అడ్డం పడుతోందని ఏ ఆడమనిషి చెప్పినా హిమోగ్లోబిన్ పరీక్ష చేయాలి. ఎండోస్కోపీ కోసం పట్నం పోవాలి గానీ ఈ పరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే అవుతుంది.

ఇప్పుడు మాకు అన్నిటికంటే కష్టమైన మాట. మమ్మల్ని కరువుల్లో బతికించిన అంబలే ఈ జబ్బును దాచిపెడుతోంది. రొట్టె తినే ఇంట్లో ముద్ద అడ్డం పడితే మొదటి వారమే తెలుస్తుంది. మా ఇళ్లలో ముసలాయన జొన్నరొట్టె పక్కకు జరిపి గటక అడిగితే పళ్లు పోయాయనుకుంటాం. గటక మాని జావ అడిగితే ఎండలకు నోరు ఎండిందనుకుంటాం. జావ తాగుతున్నాడు కాబట్టి తింటున్నాడనే అనుకుంటాం. ఆయనకూ ఇబ్బంది లేదు, ఎందుకంటే జావ తాగడం మా దగ్గర జబ్బు గుర్తు కాదు, రోజూ ఉండేదే. విల్లిస్ రోగి చేతిలో బద్ద ఎలాంటిదో మా చేతిలో అంబలి చెంబు అలాంటిది. రోజు గడుస్తుంది, జబ్బు అలాగే ఉంటుంది. జావ కూడా ఆగిన రోజున అందరం కంగారుపడతాం. అప్పటికి మనిషి సగమై ఉంటాడు. కక్కలేక మింగలేక అని తెలుగులో సామెతగా వాడతారు. మా పెద్దల్లో కొందరికి అది సామెత కాదు, చివరి నెలల బతుకు.

అందుకే రెండు మాటలు వేరు చేయాలని అడుగుతున్నాం. మంట ఒక్కటే ఉంటే దానితో బతకడానికి దారులున్నాయి. రాత్రి తిండి పొద్దుగూకే వేళకే ముగించడం, తిన్నాక రెండు మూడు గంటలు పడుకోకపోవడం, ఒకేసారి కుంభం కాకుండా కొంచెం కొంచెంగా తినడం, నులక మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేయడం, ఎడమ పక్కకు తిరిగి పడుకోవడం, పొగాకు మానడం. దీపం పెట్టకముందే తినే అలవాటు మా పాతవాళ్లకు ఉండేది. నూనె లేకే అలా తిన్నారు గానీ గొంతుకు అది మంచిదే. అయినా తగ్గకపోతే మాత్రలు డాక్టరు చెప్పినన్నాళ్లు వాడాలి.

ముద్ద అడ్డం పడితే మాత్రం గ్యాస్ అనే మాట ఆ మనిషి దగ్గర అనకూడదు. ముద్ద దిగకపోవడం, బరువు తగ్గడం, రక్తం వాంతి కావడం, దొడ్డికి నల్లగా తారులా రావడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా లోపలికి చూడాల్సిందే. మచ్చతో దారి ఇరుకైతే ఎండోస్కోపు ద్వారానే దాన్ని వెడల్పు చేయవచ్చు. గడ్డ అయితే ఎంత ముందు చూస్తే అంత ఆశ ఉంటుంది. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి జ్వరం ఉందా, దగ్గు ఉందా అని అడుగుతారు. ముద్ద దిగుతోందా అని కూడా అడగాలి. దానికి కొత్త యంత్రం అక్కర్లేదు, రిజిస్టర్‌లో ఒక గడి చాలు.

మా తాతలు ఎలా పోయారని అడిగితే జ్వరంతో అనో, పాము కరిచి అనో చెబుతారు. కొందరి గురించి "తిండి పోక పోయాడు" అంటారు. ఆ మాట కింద ఎంత ఆకలి ఉందో, ఎంత జబ్బు ఉందో విడదీసి ఎవరూ రాసిపెట్టలేదు. ఆకలితో పోయినవాళ్లకు గింజ అందలేదు. జబ్బుతో పోయినవాళ్ల ముందు గింజ ఉంది, గొంతు దిగలేదు. గింజ కోసం మా పెద్దలు కొట్లాడారు. గొంతులోకి చూసే దీపం ఏరియా ఆసుపత్రి దాకా రావాలని అడగడం ఇప్పుడు మా వంతు.