ఢిల్లీ కార్పొరేషన్‌లో ప్రాధాన్యత ఓటు: కౌన్సిలర్లకు ఉంది, ఓటర్లకు లేదు

దక్షిణ ఢిల్లీలోని వసంత్ కుంజ్ డీడీఏ ఫ్లాట్లలో ఉండే ఓటరుకు 2022 డిసెంబరు 4న జరిగిన మున్సిపల్ ఎన్నికల్లో దక్కింది ఈవీఎం మీద ఒక్క బటన్. అలా 250 వార్డుల నుంచి గెలిచిన కౌన్సిలర్లు (మన దగ్గర కార్పొరేటర్లు అంటాం) 2023 ఫిబ్రవరి 24న తమలోంచి ఆరుగురిని స్టాండింగ్ కమిటీకి ఎన్నుకోవడానికి కూర్చున్నప్పుడు మాత్రం బటన్ లేదు. అభ్యర్థుల పేర్ల ఎదురుగా 1, 2, 3 అని అంకెలు వేశారు.

అమెరికాలో ‘ర్యాంక్డ్ చాయిస్ వోటింగ్’ పేరుతో ఇప్పుడు చర్చలో ఉన్న పద్ధతికి ఇది దగ్గరి బంధువే. న్యూయార్క్ నగర ప్రజలు 2019లో దీన్ని ఆమోదించి 2021 ప్రైమరీల నుంచి వాడుతున్నారు. సియాటిల్ ఓటర్లు 2022 నవంబరులో ఒప్పుకున్నారు, 2027 ప్రైమరీల నుంచి అమలు చేయాలి. వాషింగ్టన్ డీసీ ఓటర్లు 2024 నవంబరులో సరే అన్నారు. ఆ నగరాల్లో అంకెలు వేసేది మామూలు ఓటరు. ఢిల్లీలో ఆ వీలు ఓటరు గెలిపించిన ప్రతినిధికే ఉంది.

ఆరు సీట్ల లెక్క

ఆ రోజు 250 మందిలో 242 మంది ఓటేశారు. కాంగ్రెస్ దూరంగా ఉంది. ఆరు సీట్లకు ఏడుగురు పోటీ పడ్డారు. ఆమ్ ఆద్మీ పార్టీ నుంచి నలుగురు, బీజేపీ వైపు నుంచి ముగ్గురు. ఈ పద్ధతిలో మొత్తం ఓట్లను సీట్ల సంఖ్యకు ఒకటి కలిపి భాగిస్తారు, అంటే 242ను 7తో. వచ్చిన దానికి ఒకటి కలిపి భిన్నం వదిలేస్తే 35. అదే గెలుపు కోటా. అంతకు మించి వచ్చిన ఓట్లు రెండో ప్రాధాన్యత ప్రకారం బదిలీ అవుతాయి. అందరికంటే వెనకబడినవారిని తప్పించి వారి ఓట్లను మిగిలినవారికి పంచుతారు.

ఎన్నికల ఫలితాల్లో ఆప్‌కు 134, బీజేపీకి 104, కాంగ్రెస్‌కు 9 సీట్లు వచ్చాయి. ముగ్గురు స్వతంత్రులు గెలిచారు. 134లో మూడు కోటాలు పోగా మిగిలేది 29. 104లో రెండు కోటాలు పోగా మిగిలేది 34. పార్టీ గీత దాటకుండా అందరూ ఓటేసినా చివరి సీటు బీజేపీకే వెళ్లాలి, 3-3గా తేలాలి. సభలో మెజారిటీ ఉన్న పార్టీకి కమిటీలో మెజారిటీ దక్కకపోవడం వింతగా కనిపించవచ్చు గానీ, ఈ పద్ధతి పెట్టిందే మైనారిటీ పక్షానికి దాని బలం మేరకు చోటివ్వడానికి.

లెక్కింపులో మేయర్ షెల్లీ ఒబెరాయ్ ఒక ఓటు చెల్లదన్నారు. సభ రణరంగమైంది. కౌన్సిలర్లు ఒకరినొకరు తోసుకున్న దృశ్యాలు దేశమంతా చూసింది. ఫిబ్రవరి 27న మళ్లీ ఎన్నిక పెడతామని మేయర్ ప్రకటిస్తే, ఢిల్లీ హైకోర్టు స్టే ఇచ్చింది. మే 23న ఆ నిర్ణయాన్ని కొట్టేసి, ఫలితం ప్రకటించమంది. చివరికి 3-3.

అక్కడితో కథ ముగియలేదు. కమిటీలో 18 మంది. మిగతా 12 మందిని జోన్ల వార్డు కమిటీలు ఎన్నుకోవాలి. ఆ కమిటీల్లో ఓటున్న పది మంది నామినేటెడ్ సభ్యులను లెఫ్టినెంట్ గవర్నర్ సొంతంగా నియమించవచ్చా అన్న కేసు 2024 ఆగస్టు 5 దాకా సుప్రీంకోర్టులో నడిచింది. నియమించవచ్చనే తీర్పు వచ్చింది. కమిటీకి చైర్మన్ ఎన్నికయ్యేసరికి 2025 జూన్. 5 కోట్ల రూపాయలు దాటిన కాంట్రాక్టులకు అప్పట్లో ఈ కమిటీ ఆమోదం కావాల్సి ఉండేది. రెండేళ్లకు పైగా ఆ కమిటీయే లేదు. చెత్త ఎత్తే కాంట్రాక్టు మొదలుకొని పెద్ద పనులకు ఇదే గండం. నా దృష్టిలో ఇందులో పద్ధతి తప్పు తక్కువ. ఒక్క ఓటు మీద పేచీ వచ్చినప్పుడు తీర్పరి కూడా ఒక పక్షం మనిషే కావడం పెద్ద తప్పు.

మనకు కొత్త కాదు

తెలుగు రాష్ట్రాల పట్టభద్రులు శాసనమండలి ఎన్నికల్లో ఈ అంకెలు వేస్తూనే ఉన్నారు. 2021 మార్చిలో హైదరాబాద్-రంగారెడ్డి-మహబూబ్‌నగర్ స్థానానికి 93 మంది బరిలో నిలిచారు. దినపత్రికంత బ్యాలెట్! లెక్కింపు రోజుల తరబడి సాగి, ఒక్కొక్కరినీ తప్పించుకుంటూ పోయాక సురభి వాణీదేవి గెలిచారు. డిగ్రీ ఉన్నవాళ్లే ఓటర్లైనా చెల్లని ఓట్లకు కొదవ ఉండదు. ఎన్నికల సిబ్బంది ఇచ్చిన ఊదారంగు పెన్నుతోనే రాయాలి, అంకెలే వేయాలి, ‘ఒకటి’ అని అక్షరాల్లో రాస్తే చెల్లదు. తెలుగు అంకె ‘౧’ మాత్రం చెల్లుతుంది, వేసేవారు ఎందరో గానీ.

వార్డు ఎన్నికకు వస్తుందా?

రాజ్యాంగం అడ్డు చెప్పదు. 243ఆర్ అధికరణ మున్సిపాలిటీ సీట్లు ప్రత్యక్ష ఎన్నికతో నిండాలంటుంది. ఓటు ఏ రూపంలో ఉండాలో చెప్పదు. ఢిల్లీ కార్పొరేషన్‌కు ఆధారం పార్లమెంటు చేసిన 1957 చట్టం కాబట్టి మార్పు అక్కడి నుంచే రావాలి. ఈవీఎం ఒక ఓటరు నుంచి ఒక పోటీకి ఒక్క నొక్కే తీసుకుంటుంది. యంత్రం మార్చాలి, లేదా కాగితానికి తిరిగి వెళ్లాలి.

అవసరం లేదా అంటే, 2022లో ఆప్‌కు వచ్చిన ఓట్లు 42 శాతం, సీట్లు సగానికి పైనే. కాంగ్రెస్‌కు దాదాపు 12 శాతం ఓట్లకు దక్కినవి 9. ఆ పార్టీకి ఓటేసినవారి రెండో అంకె ఎవరికి పడేదో తెలిసి ఉంటే చాలా వార్డుల ఫలితం మీద చర్చ వేరేగా సాగేది. అయితే వార్డుకు ఒక్క సీటే ఉన్నంతకాలం అంకెలు వేసినా గెలిచేది ఒక్కరే. స్టాండింగ్ కమిటీలో కనిపించిన 3-3 లాంటి పంపకం కావాలంటే నాలుగైదు వార్డులను కలిపి ఒక నియోజకవర్గం చేయాలి. అప్పుడు ‘మా కౌన్సిలర్ ఎవరు?’ అని వసంత్ కుంజ్ వాసి అడిగితే ఒక్క పేరుతో జవాబు దొరకదు.