వసంతకాలపు బడి: వీధిబడుల నాటి ముచ్చట

ఫాల్గునము తుదకు వచ్చి, వేపచెట్టు పూతకు రాగానే పల్లెటూరి ప్రాథమిక పాఠశాలలో గంట కొట్టు వేళ మారును. మార్చి నెల నడుమ నుండి ఒంటిపూట బడులు. ఉదయము ఎనిమిది గంటల ప్రాంతమున ఆరంభించి మధ్యాహ్నము పన్నెండున్నరకు పిల్లలను విడిచిపెట్టుదురు. పిదప వార్షిక పరీక్షలు, ఏప్రిలు చివరివారమునకు వేసవి సెలవులు, జూను రెండవ వారమున మరల బడి. ఎండ ముదరక మున్నే చదువు ముగించుట నేటి ప్రభుత్వములు కనిపెట్టిన పద్ధతి యని పలువురు తలంతురు. మన పూర్వుల వీధిబడి మాత్రము ఏ ఋతువునందైనను ఉదయము ఆరు గంటలకే తెరవబడుచుండెను. ఇందుకు వ్రాతమూలకమైన సాక్ష్యము కలదు. ఆ సాక్ష్యమును వ్రాసినవాడు ఒక ఆంగ్లేయుడు.

1822 వ సంవత్సరమున, అనగా చిత్రభాను సంవత్సరమున, మదరాసు గవర్నరుగా నుండిన సర్ థామస్ మన్రో తన ఏలుబడిలోని జిల్లాలన్నింట ఎన్ని బడులున్నవి, ఎందరు చదువుచున్నారు, ఏమి చదువుచున్నారు అని లెక్కలు పంపుడని కలెక్టర్లకు ఆజ్ఞాపించెను. ఇతడు 1800 నుండి ఏడేండ్లపాటు దత్తమండలముల ప్రధాన కలెక్టరుగా ఊరూర గుడారము వేసికొని తిరిగినవాడు. అట్టివానికి లెక్కలేని మాట రుచింపదు. మరుసటి సంవత్సరము స్వభాను. ఆ ఏటి ఆగస్టు 17 వ తేదీన (మన ఫసలీ లెక్కకు 1233) బళ్లారి కలెక్టరు ఏ. డి. కాంబెల్ పంపిన నివేదిక తక్కిన వానికన్న విపులమైనది. కాంబెల్ అంతకుముందే, 1816 లో, తెలుగు వ్యాకరణమును ఆంగ్లమున రచించి ప్రకటించిన పండితుడు. నాటి బళ్లారి జిల్లా మనకు పరాయిది కాదు. 1882 లో విడివడిన అనంతపురము జిల్లా అంతకుముందు అందు చేరియుండినది. ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు 1953 లో ఆంధ్రరాష్ట్రమున కలసినవి. ఈ నివేదికలను ధరంపాల్ గారు 1983 లో ఒక గ్రంథముగా సంపుటీకరించి ప్రకటించుటచే అవి దేశమునకు మరల తెలియవచ్చినవి.

కాంబెల్ లెక్క యిది. జిల్లా జనసంఖ్య 9,27,857. బడులు 533. విద్యార్థులు 6,641. వీరిలో హిందువులు 6,398, మహమ్మదీయులు 243. కూడిన సరిపోవును. బడులను భాషలనుబట్టి కర్ణాటకము 235, తెలుగు 226, మరాఠీ 23, పారసీకము 21, అరవము 4, ఇంగ్లీషు 1 అని విభజించి, బ్రాహ్మణులు మాత్రమే చదువు స్థానములు 23 అని చేర్చెను. ఇదియు కూడిన 533 అగును. కలెక్టరు కచేరీలో కూడికలు చూచిన గుమాస్తా గట్టివాడే. ఒక్కచోట మాత్రము దొరవారి కలము జారినది. జనులలో వేయింటికి ఏడుగురైనను చదువుటలేదని వ్రాసెను. భాగించి చూచినచో ఏడుగురికి కొంచెము మించియే వత్తురు. జమాబందీలో నయినచో ఈపాటి తేడాకు సంజాయిషీ యడిగియుందురు.

ఆ 6,641 మందిలో బాలికలు అరువదిమంది. నూటపదిమందికి ఒక్కతె. ఈ అంకెకు సంజాయిషీ యడిగినవారు ఆనాడు లేరు.

ఇక ఆ బడులలో చదువు సాగిన తీరు. బిడ్డకు ఐదేండ్లు రాగానే తలిదండ్రులు పంతులను, బడిపిల్లలను అందరను ఇంటికి పిలుతురు. అందరును వినాయకుని ప్రతిమ చుట్టును గుండ్రముగా కూర్చుందురు. కొత్త పిల్లవానిని విగ్రహమున కెదురుగా కూర్చుండబెట్టి, పంతులు ప్రక్కన కూర్చుండి ధూపదీపములొసగి, బుద్ధినిమ్మని ప్రార్థన పలికించి, వాని వ్రేలు పట్టుకొని బియ్యములో దేవుని నామము వ్రాయించును. శక్తికొలది కానుక లిచ్చి పంతులను పంపుదురు. మరునాటి ఉదయమే చదువు మొదలు. నేటికిని మన యిండ్లలో అక్షరాభ్యాసము ఇట్లే జరుగుచున్నది. గోదావరి తీరమున బాసర జ్ఞానసరస్వతి సన్నిధిని మాఘ శుద్ధ పంచమినాడు వేలకొలది పిల్లలకు ఓనామాలు దిద్దించుట అందరు నెరిగినదే. ఋతుగణనమున మాఘము శిశిరమే యైనను లోకము ఆ తిథిని వసంతపంచమి యనియే పిలుచుచున్నది. చదువుల తల్లి పేరు చెప్పగానే వసంతము దాదాపు రెండు నెలలు ముందుగా వచ్చుటలో ఆశ్చర్యమేమి?

తెల్లవారి ఆరు గంటలకు బడి తెరచునప్పుడు మొదట వచ్చిన పిల్లవాని అరచేతిలో సరస్వతి నామము వ్రాయబడును, అది గౌరవము. రెండవవాని చేతిలో సున్న. వానికి మెప్పును లేదు, దూషణయు లేదు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ. నాలుగవవానికి రెండు. అటుపై వచ్చిన ప్రతివానికి ఒక్కొక్కటి హెచ్చు. కాంబెల్ చెప్పిన సరాసరి ప్రకారము బడికి పన్నెండుమంది గనుక, ఆలసించి చివరగా వచ్చినవానికి పది దెబ్బలు తగిలియుండును. తక్కిన శిక్షలును ఆయన వదలలేదు. సోమరిని చేతులు రెండును కట్టి దూలమునకు కప్పీతో ఎత్తుటయు, మాటిమాటికి కూర్చుండి లేవజేయుటయు వర్ణించెను. మనవారు మొదటిదానిని కోదండ మనిరి, రెండవది గుంజిళ్లు. వీధిబడిని పొగడువారు ఈ కోదండమును మరచుట న్యాయము కాదు.

చదువు ఇసుకలో వ్రేలితో ఆరంభమగును. చేయి కుదిరిన పిదప తాటాకుపై గంటము, కాగితముపై కలము. కాని దినదినపు అభ్యాసమునకు ఆ ప్రాంతమున రెండు సాధనములు వాడుచుండిరి. ఒకటి పలక: అడుగు వెడల్పు, మూడడుగుల పొడవు గల బల్లను నునుపుచేసి దానికి అన్నమును బొగ్గుపొడిని పూసినది. రెండవది కడితము: గుడ్డను గంజితో బిరుసుచేసి, పుస్తకమువలె మడతలు పెట్టి, బొగ్గును జిగురులను కలిపి పూసినది. వ్రాయునది బలపము. తడిగుడ్డతో తుడిచిన మరల కొత్త పుట. ‘కవిలె కడితము’ అను జంటమాట కరణముల యిండ్లలో మొన్నమొన్నటి వరకు వినబడినదే. ఊరి లెక్కలను మోసిన కడితమే ఊరి పిల్లల ఓనామాలను గూడ మోసినదని ఈ నివేదికవలన తెలియుచున్నది.

అక్షరములు, గుణింతములు, వత్తులు. ఆపై మనుష్యుల పేర్లు, ఊళ్ల పేర్లు, జంతువుల పేర్లు. ఆ పిమ్మట లెక్కలు. దినమునకు రెండుసార్లు పిల్లలు వరుసలు తీరి నిలుచుండి, పెద్దపిల్లవాడు ఒకడు చెప్పగా ఎక్కములను, కొలతలను, భిన్నములను అప్పగింపవలెను. మన భిన్నములు పదేసి వంతున గాక నాలుగేసి వంతున దిగుటను కాంబెల్ ప్రత్యేకముగ గమనించెను. ఒకటిలో నాలుగవ వంతు కాలు, అందులో నాలుగవ వంతు వీసము, అందులో నాలుగవ వంతు కాని. రూపాయికి నాలుగు పావలాలు, పదునారు అణాలు, అరువదినాలుగు పైసలు. ఇదియు ఆ నాలుగుల మెట్లే. ఇంకను ఊరి పెద్దలవద్ద సేకరించిన జాబులను రకరకముల చేవ్రాతలలో చదివించుట, ఉత్తరములు, కరారునామాలు వ్రాయించుట గలదు. రామాయణ భారత భాగవతములు దాదాపు అన్ని బడులలోను ఉండెను. పద్యము కంఠస్థమగును గాని అర్థము తెలియదని, చిలుకపలుకులని కాంబెల్ నిష్ఠురమాడెను. ఆ మాటలో నిజము లేకపోలేదు. అయినను పదవ యేట అర్థము తెలియక వల్లించిన పద్యము నలువదవ యేట పొలముగట్టున అర్థమైనవారు ప్రతి ఊరను కలరు. వారి లెక్క ఏ కలెక్టరును పంపలేదు.

పెద్దపిల్లలచే చిన్నపిల్లలకు చదువు చెప్పించు పద్ధతిని మాత్రము ఆయన మెచ్చుకొనెను. మదరాసులో ఎళుంబూరు సైనికానాథ బాలుర పాఠశాలకు అధ్యక్షుడుగా నుండిన ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు దేశీయుల బడిలో పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి, ఆ తీరునే తన పాఠశాలలో ప్రవేశపెట్టి, 1797 లో లండనున గ్రంథము వెలువరించెను. ‘మదరాసు పద్ధతి’ యను పేరుతో అది ఇంగ్లండు పాఠశాలలకు పాకినది. భాగవతము చదివినవారికి ఇది వింతగా తోపదు. చండామార్కులు ఇంటిపనిపై నున్న వేళ ప్రహ్లాదుడు తోడి పిల్లలను చేరదీసి చెప్పిన పాఠమే ఆ కథకు ప్రాణము గదా.

ఉగాదినాడు మాత్రము వీధిబడిలో పాఠముండదు. పాడ్యమి అనధ్యయన తిథి. అయినను ఏడాది పొడుగున ప్రభవ విభవ యని వల్లించిన అరువది పేర్లకు, తిథి వార నక్షత్రములకు ఆ దినమే ఫలము దక్కును. పంచాంగ శ్రవణమునకు కూర్చున్న పిల్లవానికి సిద్ధాంతి నోట వెలువడు ప్రతి పేరును పాతచుట్టమే. నవమినాడు పానకము, వడపప్పు. శ్రీరాముని పట్టాభిషేకమునకు దశరథుడు ముహూర్తముంచినది కూడ అడవులు పూచిన ఈ చైత్రముననే యని వాల్మీకి చెప్పియున్నాడు. ఆ సంవత్సరము అది జరుగలేదు.

నాటి బడులలోను జరుగనివి పెక్కు. మధ్యతరగతివారు, పేదలు బిడ్డల చదువునకు పెట్టుబడి పెట్టలేకున్నారనియు, లేతచేతులు ఏ కొంచెము పనికి వచ్చినను తలిదండ్రులు వారిని బడి మానిపించుచున్నారనియు కాంబెల్ స్పష్టముగా వ్రాసెను. సీమనుండి వచ్చు నూలుబట్టల మూలమున నేతవారు చితికిపోయిన సంగతిని కూడ దాచలేదు. ఆ 533 బడులలో ఒక్కదానికైనను ప్రభుత్వపు సహాయము లేదని చెప్పుటకు సిగ్గగుచున్నదని, తానే ప్రభుత్వోద్యోగియై యుండియు, ఒప్పుకొనెను. కొంతకాలము చదివి, నడుమ మానిన పిల్లవాడు వీసము కానీలు నేర్చియు కరారునామా చదువలేనివాడుగ మిగులును. అట్టివాడు పెద్దవాడై తాను చదువలేని కాగితముపై నిశాని వేయును. ఆ నిశానీల వలన ఎన్ని మళ్లు చేతులు మారినవో పాత దస్త్రములు తిరగవేసినవారికి తెలియును.

అన్ని జిల్లాల లెక్కలు చేరిన పిదప 1826 మార్చి 10 వ తేదీన, అదియు వసంతారంభముననే, మన్రో తన అభిప్రాయము వ్రాసెను. రాజధాని మొత్తమున 12,498 బడులు, జనులు 1,28,50,941, వేయిమందికి ఒక బడి. ఐదు మొదలు పదేండ్ల వరకు గల మగపిల్లలలో నాలుగవ వంతుకు పైగా బడికి వచ్చుచున్నారనియు, ఇంటికడ చదువువారిని గూడ చేర్చిన మూడవ వంతునకు సమీపింతురనియు ఊహించెను. జిల్లాకు రెండేసి పెద్ద బడులు, తహశీలుకు ఒక్కొక్క బడి పెట్టి, పెద్ద బడి ఉపాధ్యాయునికి నెలకు పదునైదు, తహశీలు బడి ఉపాధ్యాయునికి తొమ్మిది రూపాయలు జీతమిచ్చి, ఆపైన పిల్లల వలన వచ్చునది వారినే తీసికొననిండని ఏర్పాటు. మరుసటి సంవత్సరము జూలై 6 న ఆయన పత్తికొండలో విషూచిచే మరణించెను. ఆ తహశీలు బడులు 1836 లో ఎత్తివేయబడినవి. ఇంగ్లీషు చదువే చదువని నిశ్చయించిన రోజులవి. ఖర్చు కొద్దిది, పెట్టినవాడు లేడు, అడిగెడివారు మొదలే లేరు.

తరువాతి చరిత్ర వేగముగ చెప్పవచ్చును. 1854 నాటి వుడ్ దొర ఉత్తరువు, సహాయ ద్రవ్యములు, 1920 నాటి మదరాసు ప్రాథమిక విద్యా శాసనము. నడుమ కొంతకాలము పరీక్ష నెగ్గిన పిల్లల సంఖ్యనుబట్టి బడికి ద్రవ్యమిచ్చు పద్ధతి నడచినది. ఆ దినములలో పరీక్షాధికారి వచ్చినప్పుడు పిల్లలకన్న పంతులకే గుండెదడ. పిల్లవాడు లెక్క తప్పిన పంతులింట బియ్యము తగ్గును.

ఇన్ని మార్పులు వచ్చినను, రెండుపూటల నిలువబడి భిన్నములు అప్పగించు ఆచారము మాత్రము చాలకాలము నిలిచినది. దానిని కదలించినదియు ఒక వసంతమే. 1957 ఏప్రిలు 1 వ తేదీ నుండి రూపాయికి నూరు నయాపైసలని ప్రభుత్వము శాసించెను. పిల్లలు సంవత్సరాంతపు పరీక్షలలో నుండగా నాణెములు మారినవి. పావలాకు ఇరువదియైదు సరిగా వచ్చును గాని, అణాకు ఆరుంబావు రావలెను. ఆ పావు నాణెములో లేదు గనుక అణాకు ఆరు, రెండణాలకు పన్నెండు, మూడణాలకు పందొమ్మిది యని పట్టిక లచ్చువేసిరి. ఆరు మూళ్లు పదునెనిమిదని నేర్చినవానికి ఈ పందొమ్మిది ఎక్కడిదో బోధపరచుట ఉపాధ్యాయులకు సులభము కాలేదు. నాడు నిలిచిన పావలా నాణెము కూడ 2011 జూను 30 తో చెలామణి నుండి పోయినది. ఊరి కొట్టులో మాత్రము పావుకిలో, ముప్పావు గంట, సోలెడు, తవ్వెడు అను మాటలు ఇంకను వినబడుచునే యున్నవి. వేసవి సెలవులలో గ్రంథాలయపు అరుగుమీద చేరు పిల్లలు ‘పావు’ అనగా ఎంతయని అడిగినచో వెంటనే చెప్పుదురు. వీసము మాట అడిగినచో తాతగారి మొగము చూతురు.