బిడ్డ వెంట వెళ్లే కాగితాలు

దత్తత అనగానే మన ఇళ్లల్లో గుర్తుకొచ్చేవి వంశం, ఆస్తి, తలకొరివి. పిల్లలు లేనివారు అన్నదమ్ముల బిడ్డనో, అక్కచెల్లెళ్ల బిడ్డనో తెచ్చుకొని సాదుకోవడం మన బీదరు జిల్లాలోనూ, సరిహద్దు అవతల జహీరాబాదు, నారాయణఖేడ్ వైపునా పాత కాలం నుంచి ఉన్నదే. ఆ బిడ్డ ప్రయాణం ఈ వాడ నుంచి ఆ వాడకు, మహా అయితే ఈ ఊరి నుంచి పొరుగూరికి. ఎవరి కడుపున పుట్టిందో, ఎవరింట పెరుగుతున్నదో అందరికీ తెలుసు. కాగితంతో పని లేదు. ఊరే సాక్షి.

బిడ్డ సముద్రాలు దాటి వెళ్లవలసి వస్తే మాత్రం ఊరి సాక్ష్యం విమానం ఎక్కదు. బిడ్డ వెంట వెళ్లేవి కాగితాలే. ఆ కాగితాలు నిజం చెప్పేలా చేయడానికి మన దేశానికి నూరేళ్లకు పైగా పట్టింది. నేను చదివింది బి.కాం., చేసేది బ్యాంకు ఉద్యోగం. న్యాయశాస్త్రం నా విషయం కాదు. అయినా మైనరు ఖాతాలు, గార్డియను పత్రాలు నా బల్ల మీదికి వస్తూనే ఉంటాయి. వాటి వెనుక ఉన్న చరిత్రను తెలుసుకోవాలన్న ఆసక్తి అలా కలిగింది.

1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం మూడు ముక్కలై మన బీదరు మైసూరు రాష్ట్రంలో చేరింది. ఆ తర్వాత యాభై రోజులకు, డిసెంబరు 21న, హిందూ దత్తత, మనోవర్తి చట్టం వచ్చింది. అంతవరకు శాస్త్ర ప్రకారం దత్తతకు మగబిడ్డే పాత్రుడు. ఈ చట్టం ఆడపిల్లకూ ఆ హక్కు ఇచ్చింది. దత్తహోమం తప్పనిసరి కాదన్నది, బిడ్డను చేతుల మీదుగా ఇచ్చి పుచ్చుకోవడం మాత్రం తప్పనిసరి అన్నది. అయితే ఇచ్చే అధికారం కన్నవారిదే. కన్నవారు వదిలేసిన బిడ్డను, కన్నవారెవరో తెలియని బిడ్డను ఎవరివ్వాలి? కోర్టు అనుమతితో సంరక్షకులు ఇవ్వవచ్చునని 1962లో సవరణ చేయవలసి వచ్చింది.

ఈ చట్టం హిందువులకే వర్తించేది. ముస్లింలకు, క్రైస్తవులకు, పార్సీలకు, విదేశీయులకు మిగిలింది 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ఒక్కటే. దాని కింద కోర్టు ఇచ్చేది సంరక్షకత్వమే కాని తల్లిదండ్రుల హోదా కాదు. విదేశీ దంపతులు బిడ్డకు సంరక్షకులుగా ఉత్తర్వు పొంది, తమ దేశానికి తీసుకుపోయి, అక్కడి చట్టం ప్రకారం దత్తత చేసుకోవాలి. అంటే మన గడ్డ మీద విమానం ఎక్కేటప్పుడు ఆ బిడ్డ ఎవరికీ బిడ్డ కాదు. అక్కడ దత్తత, పౌరసత్వం పూర్తి చేయకుండా ఎవరైనా అలక్ష్యం చేస్తే ఆ బిడ్డ గతి ఏమిటన్నది ఏ కాగితంలోనూ ఉండేది కాదు. అమెరికాలో ఇలా పౌరసత్వం లేకుండానే పెద్దవారైనవారు ఉన్నారు. వివిధ దేశాల నుంచి వెళ్లిన దత్తబిడ్డల కోసం అక్కడ 2000లో చట్టం చేసినా, అది 2001 ఫిబ్రవరి 27 నాటికి 18 ఏళ్లు నిండినవారికి వర్తించలేదు.

1950-53 కొరియా యుద్ధం తర్వాత పాశ్చాత్యులు ఇతర దేశాల పిల్లలను పెంచుకోవడం ఎక్కువైంది. 1970ల నాటికి ఆ దేశాల్లో గర్భనిరోధక సాధనాలు వచ్చి, ఒంటరి తల్లులకు ప్రభుత్వ సాయమూ అంది, దత్తతకు దొరికే పసిపిల్లలు తగ్గిపోయారు. వారి చూపు మన అనాథాశ్రమాల మీద పడింది. పెంచుకోబోయేవారు స్వయంగా రావలసిన పని కూడా ఉండేది కాదు. ప్రయాణపు ఖర్చు పెడితే ఎవరో ఒకరు పసిపిల్లలను విమానంలో వెంటబెట్టుకుపోయి అక్కడి విమానాశ్రయంలో అప్పగించేవారు.

అన్ని మతాలకూ ఒకే దత్తత చట్టం తేవాలని 1972లో, మళ్లీ 1980లో బిల్లులు పెట్టారు. రెండూ చట్టం కాలేదు. ఈ లోగా విదేశాలకు పిల్లల తరలింపులో జరుగుతున్న అక్రమాల గురించి లక్ష్మీకాంత్ పాండే అనే న్యాయవాది 1982లో సుప్రీంకోర్టుకు ఉత్తరం రాశారు. కోర్టు ఆ ఉత్తరాన్నే పిటిషనుగా తీసుకున్నది. 1984 ఫిబ్రవరి 6న జస్టిస్ పి. ఎన్. భగవతి ఇచ్చిన తీర్పు ఈ చరిత్రలో పెద్ద మలుపు. ముందు బిడ్డకు స్వదేశంలోనే ఇల్లు వెతకాలి, దొరకకపోతేనే విదేశం. పెంచుకోబోయేవారి ఇంటి పరిస్థితులను వారి దేశంలోని గుర్తింపు పొందిన సంస్థ విచారించి నివేదిక పంపాలి. కన్నతల్లికి మనసు మార్చుకునే గడువు ఉండాలి. ఈ సూత్రాల అమలు కోసమే 1990లో కేంద్ర దత్తత సంస్థ ‘కారా’ ఏర్పడింది.

తీర్పు ఉన్నంత మాత్రాన లోకం మారదని మన తెలుగు నేలే రుజువు చేసింది. 1999లో ఒకసారి, 2001లో మరోసారి హైదరాబాదులో దత్తత కుంభకోణాలు బయటపడ్డాయి. నల్లగొండ జిల్లా దేవరకొండ పరిసరాల్లోని లంబాడీ తండాల నుంచి, చుట్టుపక్కల జిల్లాల నుంచి దళారులు ఆడశిశువులను డబ్బిచ్చి తెచ్చారు. వారిని విదేశాలకు పంపే సంస్థలకు చేర్చారు. కరువు, వరకట్నం, మగబిడ్డ కోసం ఎదురుచూపు ఆ తల్లులను అక్కడికి నెట్టాయి. బిడ్డను వదులుకుంటున్నట్లు పత్రం, దాని మీద వేలిముద్ర. కోర్టు ముందుకు వచ్చేసరికి ఫైలు సక్రమంగానే కనిపించేది.

ఈ వేలిముద్ర దగ్గర ఒక్క మాట చెప్పాలి. చదువు రాని రైతు వచ్చి చిన్న అప్పు తీసుకున్నా, పత్రంలో ఉన్నది అతనికి తెలిసిన భాషలో చదివి వినిపించి, అర్థమైందని సాక్షి సంతకం తీసుకోవడం బ్యాంకులో పద్ధతి. కన్నబిడ్డను వదులుకునే పత్రానికి ఆ పాటి జాగ్రత్త లేకపోయింది. ఆ తల్లుల ఇంటి మాట లంబాడీ, పత్రం భాష వేరు. నిజాం కాలంలో ఉర్దూ కాగితాల మీద, ఆ తర్వాత కన్నడ కాగితాల మీద సంతకాలు పెట్టిన తెలుగు కుటుంబాల వాళ్లం మనం. తనది కాని భాషలో ఉన్న పత్రం మీద వేలు ఒత్తడం ఎలా ఉంటుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

2001 దాడుల తర్వాత పిల్లలను హైదరాబాదులోని ప్రభుత్వ శిశువిహార్‌కు తరలించారు. తమకు కేటాయించిన బిడ్డ ఫొటో గోడకు తగిలించుకొని ఎదురుచూస్తున్న విదేశీ దంపతులు కోర్టుల చుట్టూ తిరిగారు. వారిలో చాలామంది మంచివారే. వారి మంచితనం మాత్రం ఫైలులోని అబద్ధాన్ని నిజం చేయలేదు.

అంతర్జాతీయ దత్తతలపై 1993 మే 29న కుదిరిన హేగ్ ఒడంబడికను మన దేశం 2003 జూన్‌లో ఆమోదించింది. 2000 నాటి బాలల న్యాయ చట్టం, 2006లో దానికి చేసిన సవరణ మతంతో నిమిత్తం లేకుండా దత్తతకు దారి తెరిచాయి. 2015 చట్టంతో కారాకు చట్టబద్ధమైన హోదా వచ్చింది. బిడ్డను అప్పగించిన తల్లికి పునరాలోచనకు రెండు నెలల గడువు స్పష్టమైంది. 2022 నుంచి దత్తత ఉత్తర్వు ఇచ్చే అధికారం కోర్టు నుంచి జిల్లా కలెక్టరుకు మారింది.

అన్నిటికంటె నాకు నచ్చిన నియమం, బిడ్డను తీసుకుపోవడానికి తల్లిదండ్రులు స్వయంగా రావాలన్నది. అమెరికాలో స్థిరపడి అక్కడి పౌరులైన మా చెల్లెలి కూతురు, అల్లుడు ఈ పద్ధతిలోనే వచ్చి తెలంగాణలోని ఒక ఆశ్రమం నుంచి అయిదేళ్ల పాపను తెచ్చుకున్నారు. కలెక్టరు ఉత్తర్వు, తల్లిదండ్రులుగా వీరి పేర్లున్న జనన ధ్రువపత్రం, పాపకు భారత పాస్‌పోర్టు, దత్తత హేగ్ ఒడంబడిక ప్రకారమే జరిగిందని కారా ఇచ్చే పత్రం, ఆ తర్వాత వీసా. నేను అలవాటు కొద్దీ తేదీలన్నీ ఒకదానితో ఒకటి సరిచూశాను. ఈ నిరీక్షణలో రెండు రోజులు బీదరులో మా ఇంట్లో ఉన్నారు. పాప మొదటి పూట ఎవరి దగ్గరికీ రాలేదు. రెండో రోజు మా ఆవిడ జొన్నరొట్టె చేస్తుంటే పక్కన కూర్చొని, “అమ్మమ్మా, మా ఆయమ్మ గూడ గిట్లనే చేస్తది” అన్నది.

ఆ మాట విన్నాక మా మేనకోడలు ఆశ్రమానికి ఫోను చేసి, ఆ ఆయమ్మతో పాప కలిసి ఉన్న ఫొటో ఒకటి అడిగి తెప్పించుకున్నది. ఏ చట్టమూ అడగని కాగితం అది. కాని శంషాబాదులో విమానం ఎక్కినప్పుడు పాప చేతిలో ఉన్నది అదే.

ఇప్పుడు విదేశీ దత్తతలు తగ్గిపోయాయి. 2024-25లో మన దేశంలో కారా ద్వారా జరిగిన 4,515 దత్తతల్లో 4,155 స్వదేశంలోనివే. చైనా 2024లో విదేశీ దత్తతలను దాదాపుగా ఆపివేసింది. దక్షిణ కొరియాలో తప్పుడు పత్రాలతో పిల్లలను పంపిన వైనాన్ని ఆ దేశపు సత్యశోధక సంఘమే 2025 మార్చిలో తేల్చింది. అలా వెళ్లిన పిల్లలు పెద్దవారై కన్నవారి కోసం వెనక్కి వస్తున్నారు, మన దేశానికీ వస్తున్నారు. మన నిబంధనలు వారికి తమ మూలాలు తెలుసుకునే వీలిచ్చాయి, కన్నవారి గోప్యతకు లోబడి. అయితే వెతకడానికి వచ్చినవారికి దొరికేది ఆనాటి ఫైలే. అందులో అబద్ధం ఉంటే వారి దారి అక్కడితో ఆగిపోతుంది.

పరదేశంలో ఉన్న మనవారు బిడ్డ కోసం వస్తామన్నప్పుడు, తెలిసిన డాక్టరు ఉన్నాడనో, త్వరగా అయిపోతుందనో చెప్పేవారు ఇప్పటికీ ఉంటారు. రెండేళ్లు ఆలస్యమైనా రాజమార్గంలోనే రమ్మని చెప్పాలి. వచ్చాక ఫైలులోని ప్రతి కాగితం నకలు దాచమని, బిడ్డకు ఊహ తెలిసినప్పుడు చూపించమని చెప్పాలి. బ్యాంకు లాకరులో పెట్టే బంగారం మనది. ఆ ఫైలు మాత్రం బిడ్డది, మనం దానికి కాపలాదారులం మాత్రమే.