నౌప్లియా నగర చరిత్రము

సంస్కృతము నేర్చినవారికి నౌప్లియా యను పేరు విన్నంతనే ఏదో చుట్టఱికము తోచును. గ్రీకుభాషలో నౌసనగా ఓడ; మనకును నౌశబ్దమునకు ఓడయే అర్థము. ప్లేయో యనగా ఓడపై పోవుట. మన ప్లుధాతువు దానికి తోబుట్టువు. ప్లవమనగా తెప్ప యని అమరము వల్లించిన బాలుడును చెప్పగలడు. కావున ఓడలు వచ్చి నిలుచు తావను భావము ఆ పేరునందే యిమిడియున్నదని తలచుట తప్పు కాదు.

గ్రీసుదేశపు దక్షిణభాగమగు పెలొపొనీససున, ఆర్గాసు అఖాతము నొడ్డున, సముద్రములోనికి చొచ్చిన రాతిగుట్ట నానుకొని యీ యూరు వెలసినది. నేటి గ్రీకులు దీనిని నాఫ్ప్లియో యందురు. ఊరిమీదికి వ్రాలినట్లు నిలిచిన పెద్దకొండ 216 మీటరుల యెత్తు గలది. దానిపేరు పాలమీది. (ఆ పేరు తెలుగు చెవికి మీగడను జ్ఞప్తికి దెచ్చినచో దోషము మాది కాదు.) ఆ కొండకు పేరిచ్చిన పాలమీదెసు కథను మొదట చెప్పవలసియున్నది. ఏలయన, ఎన్నో వందల యేండ్లు గడచిన పిమ్మట ఈ యూరి చరిత్రము మఱల ఆ కథ చెంతకే వచ్చినది.

పాలమీదెసు నౌప్లియసు కుమారుడని గ్రీకుల పురాణము. అక్షరములలో కొన్నింటిని, తూనికలను, కొలతలను, పాచికలాటను అతడే కనిపెట్టెనని వారు చెప్పుకొనిరి. ట్రాయి యుద్ధమునకు పోవ నిష్టములేక ఓడిస్సియసు వెఱ్ఱివానివలె నటించి పొలము దున్నుచు ఉప్పు చల్లుచుండగా, పాలమీదెసు అతని పసిబిడ్డను తెచ్చి నాగలి కెదురుగ నుంచెను. తండ్రి నాగలిని తప్పించెను. దానితో వెఱ్ఱి బయటపడినది. ఆ పగ మఱవక ఓడిస్సియసు యుద్ధభూమిలో పాలమీదెసు గుడారమున బంగారము పాతించి, శత్రురాజు వ్రాసినట్లు ఒక దొంగజాబును పుట్టించెను. ద్రోహియను నేరము మోపబడెను. సైనికులు అతనిని ఱాళ్లతో కొట్టి చంపిరి. హోమరు తన కావ్యములలో ఈతని పేరైన నెత్తలేదు. ఓడిస్సియసును నాయకునిగా గొన్న కవికి ఈ కథ యడ్డముగ దోచెనేమో యని మా యనుమానము.

క్రీస్తుశకము 2వ శతాబ్దమున పౌసానియసను యాత్రికుడు వచ్చునప్పటికి ఊరు పాడుపడియుండెను. ప్రాకారముల శిథిలములను, సముద్రదేవతయగు పొసైడను గుడిని, రేవులను, కానథసను నీటియూటను అతడు పేర్కొనెను. హీరాదేవి ఏటేట ఆ యూటలో స్నానమాడి మఱల కన్య యగునని ఆర్గాసువారు నమ్మిరట. అచ్చటి రాతిపై చెక్కిన గాడిద బొమ్మను గూర్చియు అతడు వ్రాసెను. ఒక గాడిద ద్రాక్షతీగను కొఱికివేయగా, ఆ తీగయే మఱుసటి యేడు విరివిగ కాచినదట. తీగలను కత్తిరించు విద్య జనులకు అట్లబ్బినదట. నేర్పినది గాడిదయైనను గురువు గురువే యని రాతిపై నిలిపిన వారి కృతజ్ఞత, బడిపంతుళ్లమగు మాకు మిక్కిలి నచ్చినది.

మధ్యయుగమున ఊరు పెక్కుచేతులు మాఱెను. 1389లో వెనీసువారికి, 1540లో తురుష్కులకు, 1686లో మఱల వెనీసువారికి వశమయ్యెను. రేవునడుమ చిన్న దీవిపై నున్న బూర్జి కోట వెనీసువారు 15వ శతాబ్దమున కట్టినది. ఉరి, శిరచ్ఛేదము జరుపు తలారులు ఊరిలో నుండుటకు జను లొప్పుకొనకపోగా, 19వ శతాబ్దమున కొంతకాలము వారిని ఆ దీవిలో నుంచిరి. దండన కావలెను, దండించు చేయి మాత్రము కంటబడరాదు! పాలమీది కొండపై మహాదుర్గమును వెనీసువారు 1711 మొదలు 1714 వఱకు కట్టిరి. 1715లోనే తురుష్కులు దానిని కొన్నిదినముల ముట్టడితో పట్టుకొనిరి. ఊరినుండి దుర్గమునకు 999 మెట్లని లోకవాడుక. లెక్కపెట్టినవారికి అన్ని దొరకవు. ఎక్కినవారి మోకాళ్లు మాత్రము ఆ సంఖ్యను నమ్మును.

1821లో గ్రీకులు స్వాతంత్ర్యమునకై కత్తి దూసిరి. దీర్ఘమైన ముట్టడిలో ఆకలిచే నకనకలాడు తురుష్కుల కావలి సడలిన సమయమున, 1822 నవంబరు కడపటి రాత్రులలో నొకనాడు, స్తాయికోపులోసు తన మనుష్యులతో నిచ్చెనలు వేసి పాలమీది నెక్కెను. కొలదిదినములకే ఊరు లొంగెను. అటుపిమ్మట నౌప్లియా నూతన గ్రీసునకు రాజధాని యయ్యెను. తురుష్కుల మసీదొకటి వారి శాసనసభకు మందిరమయ్యెను. ఆ కట్టడము నేటికిని నిలిచియున్నది.

రాజ్యపాలకుడుగ 1828లో వచ్చిన కపోదిస్త్రియాసు అంతకుముందు రష్యాచక్రవర్తి కొలువున విదేశాంగమంత్రిగ నుండినవాడు. బడులు, నాణెములు, సైనికవిద్యాలయము ఆయన నెలకొల్పినవే. ఉరులగడ్డలను జనులు తాకకపోగా, వానిచుట్టు కావలి పెట్టించి దొంగతనమునకు ఆశ పుట్టించి అలవాటు చేసెనని యొక కథ కలదు. నిజమైనను కాకున్నను చదువు చెప్పువారు నేర్చుకొనదగిన యుపాయమే. కాని ఆయన మొండిచేయి వాడు. మానీసీమ పెద్దయగు పెత్రోబే మావ్రొమిఖాలిసును చెఱలో నుంచెను. 1831 అక్టోబరు 9, ఆదివారపు ప్రాతఃకాలమున సెయింటు స్పిరిడను గుడి వాకిట ఆ పెద్ద తమ్ముడును కుమారుడును పాలకుని చంపిరి. గోడపై తుపాకిగుండు గుఱుతని చూపు చోటును అద్దము వెనుక భద్రపఱచియున్నారు.

పిదప ఐరోపా రాజ్యములు కూడి బవేరియా రాజకుమారుడగు ఓథోను రాజుగ నేర్పఱచిరి. 1833లో ఓడ దిగునప్పటికి ఆయనకు పదునేడేండ్లు. రాజ్యము బవేరియా ప్రతినిధుల చేతిలో నుండెను. వారికి వృద్ధసేనాని థియొడోరోసు కొలొకోత్రోనిసు కంటిలో నలుసయ్యెను. తురుష్కుల నెదిరించిన యోధులలో అగ్రగణ్యుడాయన. ఆయనను, ప్లపూతాసును 1833 సెప్టెంబరులో పట్టి, ప్రభుత్వమును కూల్చ కుట్రపన్నిరని రాజద్రోహము మోపిరి. విచారణ 1834లో ఆ పాత మసీదునందే జరిగెను. న్యాయాధిపతు లైదుగురు. అధ్యక్షుడు అనస్తాసియోసు పొలిజొయిదిసు, మఱియొకడు గియోర్గియోసు తెర్త్సెతిసు. ఇద్దఱును ముప్పది రెండు, ముప్పది నాలుగేండ్ల వారు.

సాక్ష్యము చాలదని యిద్దఱును, మరణదండన విధింపవలెనని తక్కిన ముగ్గురును పలికిరి. ఎక్కువమంది మాటయే తీర్పు కదా యని చదువరులు తలపవచ్చును. కాని తీర్పుకాగితముపై చేవ్రాలు చేయుమని యడుగగా ఆ యిద్దఱును నిరాకరించిరి. న్యాయశాఖామంత్రి బెదిరించెను, లొంగలేదు. తుదకు బంట్లను పంపి వారిని నిర్బంధముగ సభకు లాగించిరి. తుపాకులు చుట్టునుండగా తీర్పు చదువబడెను. తలలు వంచి కూర్చున్న ఆ యిద్దఱి మౌనము సభలోని జనులందఱికి వినబడియుండును. మరణదండన ఇరువదియేండ్ల చెఱగ మాఱినది. కొలొకోత్రోనిసును పాలమీది దుర్గమునకే పంపిరి. తన ప్రజలు పరులనుండి గెలిచిన కోటలోనే, తప్పుడు నేరమునకు ప్రాణమిచ్చిన పాలమీదెసు పేరిటి కొండపైననే, ఆయన ఖైదీ యయ్యెను. ఆయన గదియని నేడు యాత్రికులకు చూపు చీకటికొట్టు లోనికి వంగి దూరవలెను.

పొలిజొయిదిసు, తెర్త్సెతిసులపై ఆజ్ఞోల్లంఘన నేరము మోపి, వారినే ముద్దాయిల బోనులో నిలిపిరి. వారు నిర్దోషులని తేలిరి. స్వాతంత్ర్యమునకు కత్తి పట్టినవారి విగ్రహములు ప్రతి దేశమునను కలవు. కలము పట్టి సంతకము చేయక నిలిచినవారిని స్మరించు ఊళ్లు తక్కువ. మన పిల్లల చరిత్రపాఠములలో యుద్ధముల తేదీలకు నిచ్చు చోటులో పదవవంతు ఇట్టివారికి ఇచ్చినచో ఏమి నష్టమో మాకు తెలియదు.

1834లోనే రాజధాని అథెన్సునకు తరలెను. నౌప్లియా పట్టణము పాత వీధులతో, వెనీసువారి ఆయుధశాలయందలి వస్తుప్రదర్శనశాలతో, జ్వరములచే మరణించిన బవేరియా సైనికులకై పెద్దఱాతిపై చెక్కిన నిదురించు సింహముతో నెమ్మదిగ బ్రదుకు ఊరయ్యెను. 1835లో రాజు యుక్తవయస్సు వచ్చి పాలన చేపట్టి కొలొకోత్రోనిసును క్షమించి విడిపించెను. సేనానికి చదువు స్వల్పము. తన జీవితకథను వ్రాయింపవలసివచ్చినపుడు, 1836లో, ఆయన నోట చెప్పుచుండగ ప్రక్కన కూర్చుండి వ్రాసికొన్నవాడు తెర్త్సెతిసు.