గేమ్స్ పీరియడ్ నుంచి ఎవరెస్ట్ దాకా

గేమ్స్ పీరియడ్‌ని మ్యాథ్స్ సార్ లాగేసుకోవడం మనందరికీ తెలిసిందే కదా. దానివల్ల ఏం పోతుందో ఈ కథ వింటే అర్థమవుతుంది.

మాలావత్ పూర్ణది నిజామాబాద్ జిల్లా పాకాల. కూలి పనులు చేసుకునే గిరిజన కుటుంబం. చదువు సాంఘిక సంక్షేమ గురుకులంలో. ఆ గురుకులాల సంస్థ పిల్లలకి పర్వతారోహణ కూడా నేర్పించింది. భువనగిరి గుట్ట మీద మొదలైన ట్రైనింగ్ డార్జిలింగ్, లడఖ్ దాకా వెళ్లింది.

నేపాల్ వైపు పదహారేళ్లలోపు వాళ్లకి పర్మిషన్ లేదు, అందుకే టిబెట్ వైపు నుంచి ఎక్కారు. 2014 మే 25న, 13 ఏళ్ల 11 నెలల వయసులో పూర్ణ ఎవరెస్ట్ ఎక్కేసింది. తోడుగా ఖమ్మం జిల్లా గురుకుల విద్యార్థి ఆనంద్ కుమార్.

భువనగిరి గుట్ట ఎప్పట్నుంచో అక్కడే ఉంది. పిల్లల్ని దాని దగ్గరికి తీసుకెళ్లింది మాత్రం వాళ్ల గురుకులమే.

మరి మీ స్కూల్లో గ్రౌండ్ ఉందా? కామెంట్లో చెప్పండి.